ఏడో ఆజ్ఞ, జొన్నల కుంచం

తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు 1746, 1747 సంవత్సరాల్లో జర్మనీలోని హాలే పట్టణంలో, అక్కడి అనాథాశ్రమానికి చెందిన అచ్చుకూటంలో తయారయ్యాయి. వాటి వెనక ఉన్న మనిషి బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ మిషనరీ. 1719లో తరంగంబాడిలో దిగి, తర్వాత మద్రాసు చేరి, అక్కడి తెలుగువాళ్ల దగ్గర మన భాష నేర్చుకున్నాడు. 1728 నాటికి దానికి వ్యాకరణం కూడా రాశాడు. 1743లో స్వదేశానికి వెళ్లిపోయాడు. బైబిలును తెలుగు చేశాడు గాని అది రాతప్రతిగానే ఉండిపోయింది. అచ్చుకెక్కిన వాటిలో ఒకటి మార్టిన్ లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరి.

నేను హైస్కూల్లో తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. పాఠ్యపుస్తకంలో ఈ సంగతికి చోటు లేకపోయినా పిల్లలకు చెప్పేదాన్ని. ఎందుకంటే ఆ పుస్తకం పల్నాడులోని మా ఇంట్లో తరతరాలుగా నాలుకల మీద బతికింది. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. ప్రశ్నోత్తరి మాత్రం మొదటి ఆజ్ఞ నుంచి చివరి దాకా నోటికి వచ్చు. చదువు రానివాళ్ల కోసం రాసిన పుస్తకం చదువు రాని మనిషి దగ్గరికే చేరింది. ఆ ప్రయాణం గురించి మనవాళ్లు రాసింది చాలా తక్కువ.

లూథర్ ఈ పుస్తకం రాయడానికి కారణం ఒక పర్యటన. 1528లో సాక్సనీ పల్లెల్లో సంఘాల పరిస్థితి చూద్దామని తిరిగినప్పుడు ఆయనకు గుండె తరుక్కుపోయింది. రైతులకు ప్రభువు ప్రార్థన రాదు, విశ్వాస ప్రమాణం రాదు, పది ఆజ్ఞలు రావు. చాలామంది పాదిర్లకు కూడా బోధించే శక్తి లేదు. అదే ఏడాది విట్టెన్‌బర్గ్‌లో బూగెన్‌హాగెన్ పాస్టరు ఊళ్లో లేకపోతే, ఆయన బదులు ఈ విషయాల మీదే వరసగా ప్రసంగాలు చేశాడు. ఆ ప్రసంగాల నుంచి 1529లో రెండు పుస్తకాలు పుట్టాయి. పెద్ద ప్రశ్నోత్తరి బోధకులకు, చిన్నది ఇంటివాళ్లకు. చిన్నది మొదట పుస్తకంగా కూడా రాలేదు. గోడకు అంటించుకునే పెద్ద కాగితాలుగా అచ్చు వేశారు. ఇంట్లో అందరి కంటా పడేలా, తండ్రి వేలు పెట్టి చూపిస్తూ పిల్లలతో, పనివాళ్లతో చెప్పించేలా. అందుకే ప్రతి భాగం మొదట్లో, ఇది ఇంటి పెద్ద తన వాళ్లకు తేలిక మాటల్లో నేర్పవలసిన పద్ధతి అని రాసి ఉంటుంది.

అందులో ఉన్నవి పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, పాపపు ఒప్పుకోలు, ప్రభు రాత్రి భోజనం. వాటి వెంట పొద్దున లేవగానే, పడుకోబోయే ముందు, అన్నానికి ముందు, తర్వాత చేసే ప్రార్థనలు. ఆఖరున భార్యాభర్తలు, పిల్లలు, పనివాళ్లు, యజమానులు, పాలకులు ఎవరెవరు ఎలా నడుచుకోవాలో చెప్పే వాక్యాలు. పొద్దుటి ప్రార్థన దగ్గర ఒక చిన్న సూచన ఉంది. ప్రార్థన అయ్యాక ఒక కీర్తన పాడుకుంటూ సంతోషంగా పనికి వెళ్లమంటాడు లూథర్. రాత్రి ప్రార్థన అయ్యాక బెంగ లేకుండా వెంటనే నిద్రపొమ్మంటాడు. పనినీ నిద్రనూ ప్రార్థనలో భాగంగా చూసిన బోధకుడంటే నాకు గౌరవం. మా నాయనమ్మ చీకటితో లేచి, నిలబడి చేతులు కట్టుకుని ప్రార్థన చెప్పి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఒకటి గొంతెత్తి పాడుతూ కొడవలి తీసుకుని బయల్దేరేది. జర్మనీలో ఎవరో ఎప్పుడో అలా చెయ్యమన్నారని ఆమెకు తెలియదు. ఉపదేశి గారు చెప్పారు, అంతే.

ఉపదేశి గారి దగ్గరికి రావడానికి ముందు గుంటూరు సంగతి చెప్పాలి. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను కరువు ఊడ్చేసింది. డొక్కల కరువు అని మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకునేది అదే. ఆ కరువు పోయిన తొమ్మిదేళ్లకు, 1842 జులై 31న, జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ అమెరికా నుంచి గుంటూరు చేరాడు. పుట్టింది జర్మనీలో, పనిచేసింది పెన్సిల్వేనియా లూథరన్ల మధ్య. అప్పటి గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయన్ను ఆదరించి ఇక్కడే ఉండమన్నాడు. హయ్యర్ 1849లో పల్నాడు వెళ్లి గురజాలలో పని మొదలుపెట్టాడు. ఉత్తర జర్మనీ మిషనరీలు రాజమండ్రిలో ప్రారంభించిన పని కూడా తర్వాత అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. 1927లో ఈ సంఘాలన్నీ కలిసి ఆంధ్ర ఇవాంజలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి. ఆసుపత్రులు, కాలేజీలు, డాక్టర్ అన్నా కుగ్లర్ సేవ గురించి చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. నా దృష్టి మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో రాత్రిపూట వెలిగిన లాంతరు మీద.

ఆ లాంతరు ఉపదేశి గారిది. ఊళ్లో బడిపంతులూ ఆయనే, ఆదివారం ప్రార్థన నడిపేదీ ఆయనే, జబ్బు చేస్తే ఉత్తరం రాసిపెట్టేదీ ఆయనే. పగలంతా జనం పొలాల్లో ఉంటారు కాబట్టి పెద్దవాళ్లకు పాఠం రాత్రే. ఆయన ప్రశ్న వేస్తాడు. ముందు తనే జవాబు చెబుతాడు. తర్వాత అందరూ కలిసి చెబుతారు. తర్వాత ఒక్కొక్కరి చేత చెప్పిస్తాడు. తప్పితే మళ్లీ మొదటి నుంచి. ఒక్కో ఆజ్ఞకు కొన్ని రాత్రులు పట్టేవట. బాప్తిస్మం పొందాలంటే ఇవి రావాలి. పిల్లప్పుడే బాప్తిస్మం పొందినవాళ్లు కన్ఫర్మేషన్ అయి సంస్కారం పుచ్చుకోవాలన్నా ఇవే రావాలి. అందుకే ఆడవాళ్లు కలుపు తీస్తూ, నాట్లు వేస్తూ ఒకరికొకరు అప్పజెప్పుకునేవాళ్లు. ఒక సాలులో ప్రశ్న, పక్క సాలులో జవాబు. నేను చిన్నప్పుడు నాయనమ్మతో మిరప తోటకు వెళ్లి విన్నాను. పాటకూ మాటకూ మధ్యలో ఉండే ఒక రాగం ఉండేది దానికి.

ఇక కుంచం సంగతి. మా నాన్న చిన్నప్పుడు, అంటే స్వాతంత్ర్యానికి ముందు, కోతల కూలి గింజల రూపంలోనే ఇచ్చేవాళ్లు. కళ్లంలో జొన్నలు తూర్పారబట్టి రాశి పోశాక, సాయంత్రం కూలివాళ్లు వరసలో నిలబడాలి. గింజలు కొలిచే మనిషి కుంచాన్ని అంచు దగ్గర పట్టుకునేవాడు. నాలుగు వేళ్లు బయట, బొటనవేలు లోపల. గింజలు పోశాక అరచేత్తో పైన గీసేటప్పుడు చెయ్యి కాస్త లోపలికి వంచేవాడు. కుంచానికి గుప్పెడు గింజలు రాశిలోనే మిగిలిపోయేవి. అందరికీ తెలుసు. ఎవరూ అనరు. కూలివాళ్లు కూడా ఊరుకోరు. ఆడవాళ్లు కొంగు మూలలో నాలుగు గింజలు ముడి వేసుకుని ఇంటికి పోయేవాళ్లు. అడిగితే ఆ బొటనవేలికి ఇది సరి అనేవాళ్లు. ఆకలి ఉన్నచోట ఆ మాటను నేను తప్పుపట్టలేను.

నాయనమ్మ ఏడో ఆజ్ఞ నేర్చుకున్నాక ఆ ముడి మానేసింది. మానేయడమే కాదు, ఒక సాయంత్రం కొలత దగ్గర వరసలో తన వంతు రాగానే కొంగు విప్పి అందరి ముందూ దులిపింది. "నా కొంగు చూశారుగా అయ్యా. ఇక ఆ బొటనవేలు కూడా బయటికి తీసి కొలవండి. దొంగతనం చెయ్యొద్దన్న మాట దేవుడు ఇద్దరికీ చెప్పాడు" అన్నది. కళ్లంలో ఎవరూ మాట్లాడలేదట. ఆ మనిషి కుంచాన్ని కింద పెట్టి, రెండు చేతులతో గింజలు పోసి, కర్రతో గీసి కొలిచాడు. ఆ పూట ఆమెకు నిండు కుంచం వచ్చింది. తర్వాత చాలా రోజులు ఆ పొలం పనికి ఆమెను పిలవలేదు. ఇంట్లో నలుగురు పిల్లలు. ఉపదేశి గారి భార్య నూకలు పంపింది. మా నాన్న ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ నూకల దగ్గర గొంతు తడబడేది.

ఆమె లూథర్ చెప్పని మాటేమీ చెప్పలేదు. ఏడో ఆజ్ఞకు చిన్న ప్రశ్నోత్తరి ఇచ్చే వివరణ పెట్టె పగలగొట్టే దొంగతో ఆగదు. నకిలీ సరుకు అమ్మడం, మోసపు బేరం కూడా దొంగతనమే అంటుంది. అక్కడితో సరిపెట్టకుండా పొరుగువాడి ఆస్తిని, బతుకుదెరువును బాగుపరచమంటుంది. పెద్ద ప్రశ్నోత్తరిలో ఆయన ఇంకా ముందుకెళ్లాడు. బజారులో, అంగడిలో, పనిశాలలో జరిగే దోపిడీని వరసగా చెబుతూ, కుర్చీల్లో కూర్చుని పెద్దమనుషుల్లా చలామణీ అయ్యే దొంగలు మామూలు దొంగల కంటే పెద్ద దొంగలంటాడు. పాపపు ఒప్పుకోలు భాగంలో రెండు నమూనాలున్నాయి, ఒకటి పనివాడికి, ఒకటి యజమానికి. పనివాడు తన పనిలో చూపిన అశ్రద్ధను ఒప్పుకుంటాడు. యజమాని ఒప్పుకోవలసిన వాటిలో ఎక్కువ ధరకు అమ్మడం, నాసి సరుకు అంటగట్టడం, కొలత తగ్గించడం ఉన్నాయి. కుంచంలో బొటనవేలు అంటే అదే.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. మా పల్లెలో ఈ ప్రశ్నలు కూలివాడికే వేశారు. కళ్లం యజమానికి ఎవరూ వేయలేదు. ఆయన లూథరన్ కాదు, గుడికి రాడు, ఆయనకు ప్రశ్నోత్తరితో పని లేదు. అందుకని పుస్తకం రెండు వైపులా పదును ఉన్నదైనా, మా దగ్గరికి వచ్చేసరికి పనివాడికి వినయం నేర్పే వైపే ఎక్కువ వాడకంలోకి వచ్చింది. నాలుగో ఆజ్ఞలో తల్లిదండ్రులతో పాటు యజమానులకు కూడా లోబడమన్న మాట పల్లెల్లో గట్టిగా వినబడింది. ఐదో ఆజ్ఞ కింద, ఆకలితో ఉన్నవాణ్ణి చూసి ఆదుకోగలిగీ ఆదుకోకపోతే వాణ్ణి చంపినట్టేనన్న లూథర్ మాట అంత గట్టిగా వినబడలేదు. లూథర్ కూడా ఈ విషయంలో మచ్చ లేనివాడు కాదు. 1525లో జర్మనీ రైతులు తిరగబడినప్పుడు వాళ్లను అణచివేయమని ప్రభువులకు కఠినంగా రాశాడు. నాలుగేళ్ల తర్వాత అదే చేత్తో కుర్చీల్లోని దొంగల గురించి రాశాడు. రెండూ నిజమే. మా నాయనమ్మ రెండో లూథర్‌ను పట్టుకుంది. బోధకులు చూపించకపోయినా పట్టుకుంది.

విశ్రాంతి దినం గురించిన మూడో ఆజ్ఞ దగ్గర కూడా ఇలాంటి పేచీయే. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ తన దగ్గరికి వచ్చిన మాదిగలకు మొదట పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మొదటి నియమమే రైతులతో గొడవ తెచ్చింది, పాలేరుకు సెలవనేది ఊరు ఎరగని సంగతి కనక. లూథర్ వివరణలో రోజు గురించి పట్టుదల తక్కువ. దేవుని వాక్యాన్ని తేలిక చెయ్యకుండా ఇష్టంగా విని నేర్చుకోవడమే ఆయనకు ముఖ్యం. అయితే పెద్ద ప్రశ్నోత్తరిలో ఇంకో మాట ఉంది. వారమంతా ఒళ్లు వంచి చాకిరీ చేసే పనివాళ్లు, పనికత్తెలు ఒక రోజు ఒళ్లు దించుకుని సేద తీరాలని. పల్నాడు పాలేరుకు ఈ మాట ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. పశువుల కాడ వారమంతా కట్టుబడ్డ మనిషికి ఆదివారం పొద్దున ఉతికిన పంచె కట్టుకుని గుడి మెట్ల మీద కూర్చునే రెండు గంటలు దొరకడమే పెద్ద మార్పు.

మా అమ్మ ఒంగోలు బాప్టిస్టుల ఆడపడుచు. మా ఇంట్లో ఆజ్ఞల నెంబర్లు రెండు రకాలుగా నడిచేవి. విగ్రహాల మాటను లూథరన్లు మొదటి ఆజ్ఞలో కలిపేసి, ఆశ గురించిన ఆజ్ఞను రెండుగా లెక్కిస్తారు. అందుకని నాయనమ్మ ఏడో ఆజ్ఞ అమ్మకు ఎనిమిదో ఆజ్ఞ. అత్తాకోడళ్లకు దాని మీద చిన్న చిన్న వాదాలు వచ్చేవి గాని, ఒకరి చెంబు ఒకరు ముట్టుకోకుండా ఉండలేదు. పక్కింటి వాళ్ల గురించి ఎవరైనా చెడు మోసుకొస్తే మాత్రం ఇద్దరూ ఒకటయ్యేవాళ్లు. పొరుగువాడి గురించి అబద్ధం చెప్పకపోవడం ఒక్కటే చాలదు. అతని తరఫున మాట్లాడాలి, అతను చేసిన పనికి వీలైనంత మంచి అర్థం తీయాలి. ఎనిమిదో ఆజ్ఞకు లూథర్ తీసిన తాత్పర్యం అది. బావి దగ్గర ఎవరి కోడలి గురించో గుసగుస మొదలవగానే నాయనమ్మ కడవ దించి, ఆ పిల్ల తన జ్వరంలో ఎలా గంజి కాచి తెచ్చిందో చెప్పడం మొదలుపెట్టేది. గుసగుస ఆగేది. ఇప్పుడు ఆ బావి ఫోన్లోకి వచ్చింది. సంఘం వాట్సాప్ గ్రూపుల్లో పాస్టర్ల మీద, కమిటీవాళ్ల మీద పొద్దున్నే తిరిగే మాటలు చదివినప్పుడల్లా కడవ దించే మనిషి ఒక్కరైనా ఉంటే బాగుండుననిపిస్తుంది.

ప్రభువు ప్రార్థనలో అనుదినాహారం అడిగే విన్నపం ఉంది కదా. ఆ ఆహారమంటే ఏమిటన్న ప్రశ్నకు లూథర్ పెద్ద జాబితా ఇచ్చాడు. తిండి, బట్ట, ఇల్లు, పొలం, పశువులు, మంచి భార్య లేక భర్త, మంచి ప్రభుత్వం, మంచి వాతావరణం, శాంతి, ఆరోగ్యం, నమ్మకమైన ఇరుగుపొరుగు. మెట్ట పల్నాడులో వాతావరణం అన్న మాట దగ్గర అందరి గొంతులూ పెరిగేవని నాన్న చెప్పేవాడు. వాన పడితే జొన్న, లేకపోతే వలస. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జున సాగర్‌కు శంకుస్థాపన చేశాడు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ నీళ్లు మా వైపు పొలాలకు వచ్చినప్పుడు నాయనమ్మ ముసలిదైపోయింది. కాలువ గట్టు మీద నిలబడి ఆ జాబితా మొత్తం చెప్పింది. మంచి ప్రభుత్వం అన్న మాట దగ్గర ఆగి, ఆ మాట మళ్లీ చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

నీళ్లు వచ్చాక భూమి విలువ పెరిగింది. తొమ్మిదో ఆజ్ఞకు పని పెరిగింది. పొరుగువాడి ఇంటినీ వారసత్వాన్నీ ఎత్తులు వేసి, పైకి న్యాయంలా కనబడే దారిలో కాజేయకూడదని లూథర్ వివరణ. దొంగ కాగితాలు, గట్టు జరపడం, వియ్యంకుడి పొలం మీద కన్నేసి కట్నం పేరుతో రాయించుకోవడం, అన్నీ దాని కిందికే వస్తాయి. మన లూథరన్ ఇళ్లలో కట్నం బేరాలు ఎలా జరుగుతున్నాయో మీకు తెలుసు, నాకు తెలుసు. మాలపల్లె గుడి వేరు, మాదిగపల్లె గుడి వేరు అన్న ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఒకే గిన్నెలోంచి ప్రభు రసం తాగి, పిల్లల పెళ్లి దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతున్నాం. ఇది పుస్తకం తప్పు కాదు. ప్రశ్నోత్తరి మన ఇళ్లలోంచి గుడిలోకి, గుడిలోంచి కన్ఫర్మేషన్ క్లాసులోకి, అక్కడి నుంచి పరీక్ష రాసి మరచిపోయే పాఠంలోకి కుంచించుకుపోయింది. గోడకు అంటించి ఇంటిల్లిపాదీ చెప్పుకోవలసిన కాగితాన్ని మనం బీరువాలో పెట్టాం. పెద్ద డాక్టరు పట్టం ఉన్న లూథర్ తానే రోజూ పొద్దున చిన్నపిల్లాడిలా వీటిని వల్లె వేస్తానని రాసుకున్నాడు. మనకెందుకు సిగ్గు?

ఈ పుస్తకం చరిత్ర రాయాలనుకునేవాళ్లకు షుల్జ్ అచ్చు వేయించిన ప్రతుల గురించి సమాచారం దొరుకుతుంది. మిషనరీల నివేదికలు దొరుకుతాయి. ఏ ఏడాది ఎన్ని బాప్తిస్మాలో సంఘ పుస్తకాల్లో దొరుకుతుంది. కలుపు తీస్తూ ఒక సాలు నుంచి పక్క సాలుకు అప్పజెప్పుకున్న ఆడవాళ్లు మాత్రం ఏ నివేదికలోనూ లేరు. రాత్రి లాంతరు పట్టుకుని తిరిగిన ఉపదేశులు చాలామంది పేర్లు కూడా మిగల్లేదు.

కాబట్టి గుంటూరు, పల్నాడు, రాజమండ్రి వైపు లూథరన్ కుటుంబాలకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో ప్రశ్నోత్తరి నోటికి వచ్చిన అమ్మమ్మో తాతయ్యో ఇంకా ఉంటే ఈ ఆదివారం పక్కన కూర్చుని అడగండి. ఏ ఊళ్లో నేర్చుకున్నారు, నేర్పిన ఉపదేశి గారి పేరేమిటి, ఏ పని చేస్తూ వల్లె వేసేవాళ్లు, ఏ ఆజ్ఞ వల్ల ఎవరితో పేచీ వచ్చింది, ఇవన్నీ ఊరి పేరుతో సహా రాసుకోండి. వాళ్లు చెప్పే రాగాన్ని ఫోనులో రికార్డు చేయండి. ఒక ప్రతి మీ సంఘం పాస్టరు గారికి ఇవ్వండి, ఒకటి మీ పిల్లలకు ఇవ్వండి. అలా నేర్చుకున్నవాళ్లు ఇక ఎంతోమంది మిగిలిలేరు.